బలి మనసూ, ‘రవిబింబం’ పద్యమూ: ఒక పదో తరగతి విద్యార్థినికి సమాధానం

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. నేను పదో తరగతి చదువుతున్నాను. మా తెలుగు వాచకంలో పోతన భాగవతం నుంచి తీసుకున్న ‘దానశీలం’ పాఠం ఉంది. పద్యాలు కంఠస్థం వచ్చాయి, ప్రతిపదార్థాలు, తాత్పర్యాలు తప్పు లేకుండా రాయగలను. కానీ పరీక్షలో ‘బలిచక్రవర్తి స్వభావాన్ని వివరించండి’ అన్న ప్రశ్నకు ‘బలి గొప్ప దాత, సత్యసంధుడు, ధైర్యశాలి, గురుభక్తి కలవాడు’ అని రాస్తే, ‘ఇవి గైడులోని మాటలు, పాఠంలో నీకేం కనిపించింది?’ అని మా టీచరు ఎర్ర సిరాతో రాశారు. ‘రవిబింబం’ పద్యం గురించి ‘కవి సూర్యుణ్ణి చాలా అందంగా వర్ణించాడు’ అని రాసినందుకు సగం మార్కులే వచ్చాయి. పదచిత్రాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? పాత్ర స్వభావాన్ని ఎలా పట్టుకోవాలి? ఇంకో సందేహం కూడా ఉంది. ఇన్ని అర్థాలు కవి నిజంగా అనుకొనే రాశాడా, లేక మనమే కల్పించుకొంటున్నామా? (ఒక విద్యార్థిని, జనగామ జిల్లా)

సమాధానం: అమ్మాయీ, పోతన ఊరుగా చెప్పుకొనే బమ్మెర ఉన్న జిల్లా నుంచే ఈ ప్రశ్న రావడం నాకు సంతోషం కలిగించింది. పద్యాలు కంఠస్థం చేశానని కొంచెం చిన్నబుచ్చుకొంటున్నట్టు రాశావు కానీ, పని సగానికి పైగా అక్కడే పూర్తయింది. పద్యం నోటికి రానివాడు వర్ణన గురించి ఎంత మాట్లాడినా అది గాలి మాటే. ఇక మిగిలిన సగం గురించి చెబుతాను. నీవు రెండు వేరువేరు ప్రశ్నలు అడిగాననుకొంటున్నావు. ఈ పాఠం వరకైనా అవి రెండూ ఒకటే. పదచిత్రం, అంటే మాటలతో గీసిన బొమ్మ, ఎవరి నోట వచ్చిందో, ఎవరితో అన్నదో, ఏ క్షణంలో అన్నదో చూస్తే ఆ మాట అన్నవాడి మనసు బయటపడుతుంది. పాత్ర స్వభావం దొరికేది అక్కడే కాని, గైడు చివర అచ్చువేసిన విశేషణాల పట్టికలో కాదు.

ముందు నీకు మార్కులు పోయిన పద్యాన్నే తీసుకొందాం.

రవిబింబం బుపమింపఁ బాత్రమగు ఛత్రంబై శిరోరత్నమై
శ్రవణాలంకృతియై గళాభరణమై సౌవర్ణకేయూరమై
ఛవిమత్కంకణమై కటిస్థలి నుదంచద్ఘంటయై నూపుర
ప్రవరంబై పదపీఠమై వటుఁడు దా బ్రహ్మాండమున్ నిండుచోన్

‘సూర్యుణ్ణి అందంగా వర్ణించాడు’ అన్న వాక్యంలో తప్పేమిటో ఇప్పుడు నీవే చూడు. ఈ పద్యంలో సూర్యుని వర్ణన అసలు లేదు. సూర్యుని వేడి లేదు, ఎరుపు లేదు, కిరణాలు లేవు. సూర్యుడు గొడుగుగా ఉన్నాడు, తరవాత తలమీది రత్నంగా, చెవి కమ్మగా, మెడలో నగగా, భుజకీర్తిగా, చేతి కంకణంగా, మొలగంటగా, కాలి అందెగా, చివరికి పాదపీఠంగా ఉన్నాడు. ఈ తొమ్మిది చోట్లకూ సూర్యుడు తిరిగాడా? లేదు. సూర్యుడు ఉన్నచోటనే ఉన్నాడు, పెరిగింది వటువు, అంటే బ్రహ్మచారిగా వచ్చిన వామనుడు. మెట్లెక్కుతున్న మనిషికి గోడకు కొట్టిన మేకు మొదట తలపైన, తరవాత భుజం దగ్గర, చివరకు పాదం దగ్గర కనిపించినట్టు, కదలని ఒక్క వస్తువును పక్కన నిలబెట్టి కదిలేదాని ఎత్తును కవి మనకు కొలిచి చూపించాడు. ‘వామనుడు ఎంతో పెద్దగా పెరిగాడు’ అన్న ఒక్క మాట కూడా వాడకుండా ఆ పెరుగుదలను కంటికి కట్టించడమే ఈ పద్యంలోని విద్య. కవి వర్ణించినది వామనుణ్ణి, కొలబద్దగా వాడుకొన్నది సూర్యుణ్ణి. నీ జవాబులో ఈ ఒక్క వాక్యం ఉంటే మీ టీచరు సగం మార్కులు తగ్గించేవారు కారు.

ఇంకొంచెం నిలబడి చూస్తే మరొకటి కనిపిస్తుంది. దీనికి ముందున్న ‘ఇంతింతై వటుఁడింతయై’ పద్యంలో మన చూపు పైకి వెళుతుంది. ఆకాశం, మేఘమండలం, కాంతిపుంజం, చంద్రుడు, ధ్రువుడు, మహర్లోకం, సత్యలోకం అంటూ ‘అంతై, అంతై’ అని ఒక్కొక్క మెట్టూ ఎక్కిస్తాడు. ‘రవిబింబం’ పద్యంలో అదే సంఘటన జరుగుతూ ఉండగా మన చూపు తల నుంచి పాదం దాకా కిందికి దిగుతుంది. మొదటి పద్యంలో మనం నేలమీద నిలబడి మెడ ఎత్తి చూస్తున్నాం, రెండో పద్యానికి వచ్చేసరికి మెడ ఎత్తినా అందనంత మూర్తి ఎదుట ఉన్నాడు. వెంటవెంటనే ఉన్న రెండు పద్యాలు ఒకే విషయం చెబుతున్నప్పుడు ‘మళ్ళీ అదే చెప్పాడు’ అని దాటిపోకు. రెండోది ఏం మార్చిందో వెతికితే వర్ణన గురించి రాయడానికి నీకు సొంత మాట దొరుకుతుంది.

ఈ వర్ణన గొడుగుతోనే ఎందుకు మొదలయిందో ఆలోచించావా? వామనుడు యజ్ఞశాలకు వచ్చినప్పుడు అతని దగ్గరున్న ఆస్తి ఏమిటో అతనే చెబుతాడు. ‘గొడుగో జన్నిదమో కమండలువొ నాకున్ ముంజియో దండమో’ అని తన వస్తువులు లెక్కపెట్టి, వడుగునైన నాకు భూములెందుకు, ఏనుగులెందుకు, మూడడుగుల నేల ఇస్తే ‘అది బ్రహ్మాండంబు నా పాలికిన్’ అంటాడు. ఆ పట్టికలో మొదటి వస్తువు గొడుగు, విశ్వరూప వర్ణనలో సూర్యుడు మొదట దాల్చిన ఆకారమూ గొడుగే. పేద బ్రహ్మచారి చేతి గొడుగు స్థానంలోకి సూర్యబింబం వచ్చి కూర్చొంది. ఆ తరవాత వరసగా వచ్చిన నగలన్నీ అతని దగ్గర లేనివి. జందెమూ, ముంజి అనే గడ్డి మొలతాడూ తప్ప ఒంటిమీద ఇంకేమీ లేనివాడికి సూర్యుడే ఒక్కొక్క ఆభరణమై అమరాడు.

ఇక్కడే నీ మూడో సందేహానికి, అంటే ‘కవి అనుకొనే రాశాడా’ అన్నదానికి జవాబు మొదలవుతుంది. ‘అది బ్రహ్మాండంబు నా పాలికిన్’ అన్నప్పుడు వినేవాడికి అది ఉత్త వాడుక మాట, ‘అదే నాకు పదివేలు’ అన్నట్టు. తరవాత బలి గురువు శుక్రాచార్యుడు అతన్ని హెచ్చరిస్తూ ‘త్రివిక్రమస్ఫురణవాఁడై నిండు బ్రహ్మాండమున్’ అంటాడు. అప్పుడది బెదిరింపు. చివరికి ఈ పద్యంలో ‘వటుఁడు దా బ్రహ్మాండమున్ నిండుచోన్’ అని వస్తుంది. అప్పుడది కళ్ళెదుట జరుగుతున్న పని. ఒక్క మాట మూడు నోళ్ళలో మూడు రకాలుగా పలికింది. అలాగే వామనుడు ‘కోర్కి దీర బ్రహ్మకూకటి ముట్టెద’ అని, అంటే బ్రహ్మ సిగను తాకుతానని, కూడా అంటాడు. పిల్లవాడి సంబరంలాగా వినిపించే ఆ మాట, అతడు బ్రహ్మ ఉండే సత్యలోకం దాకా పెరిగినప్పుడు అక్షరాలా నిజమవుతుంది. ఒక్కచోట కనిపించినది మన ఊహ కావచ్చు, కాని రెండు మూడు చోట్ల ఒకే తీరు కనిపిస్తే అది గ్రంథంలో ఉన్నదే. 15వ శతాబ్దంలో జీవించిన కవి మనసులోకి దూరి చూడడం మన వల్ల కాదు, ఆ అవసరమూ లేదు. నీవు చెప్పే అర్థానికి పద్యంలో ఎన్ని చోట్ల ఆధారం చూపగలవన్నదే చూసుకో. మీ టీచరు ‘పాఠంలో నీకేం కనిపించింది’ అని అడిగినదీ ఇదే.

అయితే కనిపించిన ప్రతి మాటకూ గూఢార్థం కట్టనక్కరలేదు. ఇదే పద్యంలో కంకణానికి ‘ఛవిమత్’ అని, అంటే కాంతిగలదని, విశేషణం ఉంది. దానిమీద పెద్ద వ్యాఖ్యానం చేయాలని నాకు అనిపించదు. మత్తేభంలో ప్రాస నియమం ఉంది కదా. రవి, శ్రవ, ఛవి, ప్రవ అని నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంగా వకారం రావాలి. ఆ మాట అక్కడికి రావడంలో ఛందస్సుకూ పాలు ఉంది. ఏది కవి ఎంపిక, ఏది ఛందస్సు అవసరం అని కొంత అనుమానంతో చూడడం పాఠకుడికి మంచి అలవాటు. గొప్ప కవి ఈ రెంటినీ విడదీయలేనంతగా కలిపేస్తాడన్నది వేరే సంగతి.

ఇక బలి దగ్గరికి వద్దాం. నీవు రాసిన నాలుగు విశేషణాల్లో ఒకదాన్ని ముందే కొట్టివేయాలి. ‘గురుభక్తి కలవాడు’ అన్నావు. పాఠం మొత్తంలో బలి చేసిన ముఖ్యమైన పని గురువు మాట కాదనడమే, దానికి గురువు శాపం కూడా పొందాడు. గురువు మీద గౌరవం ఉన్నా మాట వినలేదని రాస్తే అది నిజం. ఉత్త ‘గురుభక్తి’ అంటే అది గైడు రాసినవాడు పాఠం చదవలేదని తెలియజేస్తుంది, అంతే.

బలి మొదట ఎలా మాట్లాడాడో చూడు. మీ పాఠంలో లేకపోయినా వామనచరిత్రలో ఈ పద్యాలు చదవడం అవసరం. వచ్చిన వడుగును ఏం కావాలో అడుగుతూ,

వరచేలంబులొ మాడలో ఫలములో వన్యంబులో గోవులో
హరులో రత్నములో రథంబులొ విమృష్టాన్నంబులో కన్యలో
కరులో కాంచనమో నికేతనములో గ్రామంబులో భూములో
ధరణీఖండమొ కాక యేమడిగెదో ధాత్రీసురేంద్రోత్తమా!

అంటాడు. బట్టలు, మాడలనే బంగారు నాణేలు, పండ్ల దగ్గర మొదలుపెట్టి ఏనుగులు, బంగారం, ఊళ్ళు, భూఖండం దాకా పోయాడు. ఇది ఔదార్యమే, కాని తన కోశాగారాన్ని తలుపులు తెరిచి చూపిస్తున్న మనిషి గొంతు కూడా ఇందులో ఉంది. వామనుడు మూడడుగులే అడిగినప్పుడు అతనికి చిన్నతనం అనిపిస్తుంది. ‘అడుగఁ దలఁచి కొంచె మడిగితివో చెల్ల, దాత పెంపు సొంపుఁ దలఁపవలదె’ అంటాడు. అడిగేవాడు దాత గొప్పతనాన్ని కూడా తలచుకోవద్దా అని ఫిర్యాదు. ఇంకో పద్యంలో ‘పసిబాలుండవు, నేర వీ వడుగ’ అని, ‘అసురేంద్రుండు పదత్రయం బడుగ నీ యల్పంబు నీ నేర్చునే’ అంటాడు. ‘నేను ఇవ్వగలనా’ అనలేదు, ‘అసురేంద్రుడు ఇవ్వగలడా’ అన్నాడు. తన గురించి తానే బిరుదు పేరుతో మాట్లాడుకొనే మనిషి ఎలాంటివాడో నీకు వేరే చెప్పనక్కరలేదు. అతనిలో గర్వం ఉంది. దానగుణం ఎంత నిజమో ఈ గర్వమూ అంతే నిజం.

అప్పుడు శుక్రాచార్యుడు అడ్డం వస్తాడు. పిల్లలు చాలామంది శుక్రుణ్ణి దుష్టపాత్రగా రాసేస్తారు. అది అన్యాయం. వచ్చినవాడు విష్ణువని ఆ సభలో గుర్తుపట్టినవాడు అతనొక్కడే, గుర్తుపట్టిన నిజాన్ని దాచకుండా చెప్పినవాడూ అతనే. ‘కులమున్ రాజ్యము దేజమున్ నిలుపు’ అని మొదలుపెట్టి, ఈ పొట్టివాడు కొంచెంతో పోడని, ‘వలదీ దానముగీనమున్’ అని ముగిస్తాడు. ప్రాణవిత్తమానభంగం కలిగేటప్పుడు ‘బొంకవచ్చు, నఘము వొందదు’ అని, అంటే అబద్ధమాడినా పాపం అంటదని, శాస్త్రం కూడా చెబుతాడు. శిష్యుడూ, వంశమూ, రాజ్యమూ బతకాలని కోరే లౌక్యుడైన గురువు అతను. అతని లెక్కలో తప్పు లేదు, అతను చెప్పినట్టే జరిగింది కూడా. అయితే ఆ లెక్కలో మాట తప్పితే పోయేదానికి విలువ కట్టలేదు.

బలి వెంటనే జవాబివ్వలేదు. క్షణకాలం కళ్ళు మూసుకొన్నాడని కవి వచనంలో చెబుతాడు. పరీక్ష కోసం చదివేవాళ్ళు వచనాన్ని దాటేసి పద్యానికి దూకుతారు. బలి స్వభావం మలుపు తిరిగిన చోటు మాత్రం ఆ కళ్ళు మూసుకొన్న క్షణమే. అంతకు ముందు తెలియక ఇస్తున్నాడు, తరవాత తెలిసి ఇస్తున్నాడు. కళ్ళు తెరిచాక అతని మాటల్లో ఏనుగులు లేవు, మాడలు లేవు. ‘కారే రాజులు, రాజ్యముల్ గలుగవే, గర్వోన్నతిం బొందరే, వారేరీ?’ అని అడుగుతాడు. సిరిని మూటగట్టుకొని పోయినవాళ్ళెవరు, వాళ్ళ పేరైనా భూమిమీద ఉందా, కీర్తి కోరి ఇచ్చిన శిబి మొదలైనవారిని ఈనాటికీ మరిచారా అంటాడు. ఇది వైరాగ్యం అనిపిస్తుంది కాని పూర్తిగా వైరాగ్యం కాదు. కీర్తి మీద ఆశ ఇంకా ఉంది, ‘యశఃకాములై’ అన్న మాట బలి నోటి మాటే. సంపద మీది గర్వం పోయి పేరు మీది కోరిక మిగిలింది.

ఆ తరవాత వచ్చేదే ‘ఆదిన్ శ్రీసతి కొప్పుపై’ పద్యం. నన్నడిగితే పాఠం మొత్తంలో అన్నిటికంటె బలమైన పదచిత్రం ఇదే. లక్ష్మీదేవి కొప్పు మీద, ఒంటి మీద, పైట మీద, పాదాల మీద, చెక్కిలి మీద కొత్త మర్యాద పొందిన ఆ చెయ్యి ‘గ్రిందగుట, మీఁదై నా కరం బుంట మేల్గాదే’ అంటాడు. దానం పుచ్చుకొనే చెయ్యి కింద, ఇచ్చే చెయ్యి పైన. విష్ణువంతటివాడి చేతికి పైన తన చెయ్యి ఉండడం చాలు అంటున్నాడు. ఆ వెనకే ‘రాజ్యముగీజ్యమున్ సతతమే, కాయంబు నాపాయమే’ అన్నాడు. గురువు ‘దానముగీనము’ అని దానాన్ని తీసిపారేశాడు కదా. శిష్యుడు అదే ధోరణిలో ‘రాజ్యముగీజ్యము’ అని రాజ్యాన్ని తీసిపారేశాడు. ఒకరికి విలువైనది మరొకరికి గీ అక్షరంతో పోయింది. గురుశిష్యుల మధ్య భేదాన్ని చూపడానికి ఇంతకంటె పొట్టి ఆధారం నీకు ఎక్కడా దొరకదు.

చెయ్యి పైన, చెయ్యి కింద అన్న ఈ బొమ్మలో బలి గర్వం పూర్తిగా పోలేదని కూడా గమనించు. ఎవరు పైన, ఎవరు కింద అన్న లెక్క ఇంకా ఉంది. రాజ్యాన్ని వదిలినవాడు ఆ ఒక్క పైచేయిని మాత్రం వదలలేదు. దానిని వదిలింది చివర్లో. రెండడుగులకే భూమి, ఆకాశం అయిపోయి, బలి వరుణుడి పాశంతో కట్టుబడి ఉండగా, మూడో అడుగుకు చోటేదని విష్ణువు అడిగినప్పుడు,

సూనృతంబు గాని సుడియదు నా జిహ్వ
బొంకఁజాల నాకు బొంకు లేదు
నీ తృతీయపదము నిజము నా శిరమున
నెలవు సేసి పెట్టు నిర్మలాత్మ!

అంటాడు. దానం ఇచ్చేటప్పుడు అతని చెయ్యి విష్ణువు చేతికి పైన ఉంది, ఇప్పుడు విష్ణువు పాదం అతని తలకు పైన ఉంది. పైకిందుల లెక్క తిరగబడింది, దాన్ని తానే కోరుకొన్నాడు.

ఇప్పుడు బలి మాటలన్నీ వరసగా పెట్టి చూడు. మొదట బట్టలు, బంగారం, ఏనుగులు, గ్రామాలు. తరవాత ‘నా కరంబు’. ఆ తరవాత నరకం వచ్చినా, బంధనం వచ్చినా, కులమే అంతరించినా ‘తిరుగన్నేరదు నాదు జిహ్వ’ అన్నాడు, అంటే నాలుక. చివరికి ‘నా శిరమున’. లోకమంతా తనదైన మనిషి దగ్గర మిగిలింది చెయ్యి, నాలుక, తల మాత్రమే. చేత్తో ఇచ్చాడు, నాలుకతో నిలబెట్టుకొన్నాడు, తలతో తీర్చాడు. ఎదురుగా మూడడుగుల మనిషి బ్రహ్మాండమంత అవుతూ ఉంటే, బ్రహ్మాండమంత సిరి గలవాడు ఒక తల అంత అయ్యాడు. ‘రవిబింబం’ పద్యంలో పెరుగుదల నీకు కనిపించింది, దానితోపాటే జరుగుతున్న ఈ తరుగుదల కనిపించాక నీవు పాత్రనూ పదచిత్రాన్నీ విడదీసి రాయలేవు.

‘దాత’, ‘సత్యసంధుడు’ అన్న మాటలు తప్పని నేను అనడం లేదు. అవి జవాబుకు మొదలు కావాలి కాని చివర కాకూడదు. ‘బలి దాత’ అని రాసి ఆపేస్తే, కర్ణుడి గురించీ శిబి గురించీ కూడా అదే రాయవచ్చు. బలికి మాత్రమే సరిపోయే వాక్యం రాయాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: ‘బలి మొదట తన సంపదను చూసుకొని గర్వించే దాత. మూడడుగులు అడిగినందుకు “దాత పెంపు సొంపుఁ దలఁపవలదె” అని వామనుణ్ణే తప్పుపడతాడు. వచ్చినవాడు విష్ణువని గురువు చెప్పిన తరవాత ఇవ్వడం వల్ల కలిగే నష్టం తెలిసి కూడా ఇస్తాడు. అప్పుడు కూడా తన చెయ్యి విష్ణువు చేతికి పైన ఉండడాన్ని గొప్పగా భావిస్తాడు. చివరికి తలను అర్పించినప్పుడే ఆ గర్వం తొలగుతుంది. అందువల్ల అతని దానం ఒక్కసారిగా చేసిన పని కాదు, మెట్టుమెట్టుగా తనను తాను వదులుకోవడం.’ ఇందులో విశేషణాలు తక్కువ, పద్యం ముక్కలు రెండు మూడు, వాటి పక్కనే అవి ఏం చూపుతున్నాయో ఉంది. దీన్నే కంఠస్థం చేయకు. చేస్తే నా మాటలు కూడా నీకు గైడు మాటలే అవుతాయి.

చదివే పద్ధతి గురించి ఒక్క మాట. తాత్పర్యాన్ని ముందు చదివి పద్యానికి వెళ్ళే అలవాటు ఉంటే మానుకో. తాత్పర్యం చదవగానే ‘అర్థమైపోయింది’ అన్న భ్రమ కలుగుతుంది, ఆ తరవాత పద్యంలోని గొడుగు, చెయ్యి, నాలుక కంటికి ఆనవు. పద్యాన్ని రెండుసార్లు గట్టిగా చదివి, కష్టమైన మాటలకు మాత్రమే అర్థం చూసుకొని, ఎవరు ఎవరితో అంటున్నారో అంచున పెన్సిలుతో రాసుకొని, అప్పుడు తాత్పర్యం చూడు. పరీక్షలో ఎన్ని పంక్తులు రాయాలన్న చింత వద్దు. ఆధారంతో రాసిన 8 పంక్తులు విశేషణాలతో నింపిన పేజీకంటె మేలని దిద్దేవాళ్ళకు తెలుసు.

ఇదంతా పద్యానికే చెల్లుతుందా, ఆధునిక రచనకు పనికిరాదా అని నీకు అనుమానం రావచ్చు. జాషువా ‘గబ్బిలం’ కావ్యాన్ని తీసుకో. పాత కావ్యాల్లో మేఘమో హంసో రాయబారం మోసేవి. జాషువా కథానాయకుడు తన మొరను శివుడికి పంపడానికి గబ్బిలాన్ని ఎంచుకొంటాడు. అందమైన పక్షులుండగా జనం అశుభమని తరిమే గబ్బిలమే ఎందుకు? గుడి లోపలికి రానివ్వని మనిషి అతను, గుడి గర్భాలయంలో తలకిందులుగా వేలాడగల ప్రాణి అది. అతను పోలేని చోటికి అది పోగలదు. ఆ ఎంపికలోనే అతని కులం, అతని అవమానం, అతని చురుకైన వ్యంగ్యం అన్నీ ఉన్నాయి. నాటకమైతే వర్ణించే కవి గొంతు వినిపించదు, పాత్రలు తమ నోటితోనే తమను బయటపెట్టుకోవాలి. కన్యాశుల్కంలో గిరీశం గురించి మనకు తెలిసినదంతా చాలావరకు గిరీశం తన గురించి తాను చెప్పుకొన్న గొప్పలకూ, మన ఎదుట చేసే పనులకూ మధ్య ఉన్న తేడా నుంచి తెలిసిందే. నీకు అది పైతరగతుల్లో ఎదురుకావచ్చు.

నేను చెప్పినది నిజంగా నీకు పట్టుబడిందో లేదో చూసుకోవడానికి భాగవతం అష్టమస్కంధంలోనే ఉన్న గజేంద్రమోక్షంలోని ఒక పద్యాన్ని ఇస్తున్నాను. నీకు ఇదివరకే వచ్చి ఉండవచ్చు.

సిరికిం జెప్పఁడు శంఖచక్రయుగముం జేదోయి సంధింపఁ డే
పరివారంబునుఁ జీరఁ డభ్రగపతిం బన్నింపఁ డాకర్ణికాం
తర ధమ్మిల్లముఁ జక్క నొత్తఁడు వివాదప్రోద్ధత శ్రీకుచో
పరిచేలాంచలమైన వీడఁడు గజప్రాణావనోత్సాహియై

ఏనుగు మొర విని విష్ణువు బయలుదేరిన క్షణం ఇది. పద్యంలో అతను చేసిన పని దాదాపు ఏదీ లేదు. చెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు, ఒత్తడు, వీడడు అని చేయనివే వరసగా ఉన్నాయి. చేయని పనులు చెప్పి వేగాన్ని ఎలా చూపించాడో, చెదిరిన జుట్టు సరిచేసుకోకపోవడం, చేతిలోని పైటకొంగు వదలకపోవడం అన్న చిన్న విషయాలు దేవుణ్ణి ఎలాంటి మనిషిగా మన ముందు నిలబెట్టాయో ఒక పేజీలో రాసి చూడు. వామనచరిత్రలో నింపాదిగా, ముందే లెక్క వేసుకొని మాటలాడిన విష్ణువూ ఈ విష్ణువూ ఒకడేనా అన్న ప్రశ్న రాసేటప్పుడు నీకు ఎదురైతే దాన్ని దాటవేయవద్దు, అక్కడే ఇంకో పేరా రాయి. రాసినది ముందు మీ టీచరుకు చూపించు. ఆమె ఏమన్నారో నాకు రాస్తే మనం అక్కడి నుంచి మాట్లాడుకొందాం.